రంగుల పాట: లవ్ బర్డ్స్ మీద ఒక ఆట తయారు చేశాం, లంచం దగ్గర చెడింది. సలహా చెప్పండి

గంటస్తంభం_కుర్రోడు (విజయనగరం), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సెలవుల్లో మా మేడ మీద నలుగురం కూర్చుని ఒక ఆట తయారు చేశాం. పేరు 'రంగుల పాట'. పాట అంటే వేలం పాట.

ఒక్కొక్కరికి ముప్పై చింతపిక్కలు ఇస్తాం. అవే డబ్బు. ఒక ఆకుపచ్చ జంట ఉచితం, మిగతా పిట్టల్ని పాటలో కొనుక్కోవాలి. అట్టముక్క మీద ముందువైపు పిట్ట రంగు, ఆడా మగా అని ఉంటుంది. వెనకవైపు దానిలో దాగిన రంగు రాసి ఉంటుంది. మా చెల్లి దాన్ని 'లోగుట్టు' అంటుంది. వెనకవైపు చూసే హక్కు పాట పాడించే 'పెద్ద'కి మాత్రమే. పెద్దరికం వంతులవారీగా తిరుగుతుంది. జంట కట్టాక గవ్వలు వేసి పిల్లల రంగు తేలుస్తాం. మూడు రౌండ్లకొకసారి పోటీ. ఏ రంగుకి బహుమతి అన్నది పెద్ద ఇష్టం. లంచం ఇక్కడే. పోటీకి ముందు ఎవరికి తోచినన్ని పిక్కలు వాళ్ళు గుప్పిట్లో పట్టుకొచ్చి పెద్ద చేతిలో పోస్తారు. ఆయన లెక్కపెట్టుకుని రంగు ప్రకటిస్తాడు.

మొదటి రెండు ఆటలు కడుపుబ్బా నవ్వుకున్నాం. మూడో ఆటకి అందరికీ కిటుకు తెలిసిపోయింది. పిట్టల జోలికి పోకుండా పిక్కలు దాచుకోవడం, పోటీ నాడు గుమ్మరించడం. నా దగ్గర నాలుగు రంగుల పిట్టలు ఉన్నాయి, అయినా మొదటి పచ్చ జంట తప్ప ఇంకేమీ కొనని మా బావ గెలిచాడు. చెల్లి అలిగి కిందికి వెళ్ళిపోయింది. లంచం తీసేస్తే ఆట చప్పగా ఉంది, ఉంచితే పిట్టలు దండగ. ఏం చెయ్యాలంటారు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), శనివారం రాత్రి 10:25

తమ్ముడూ, నువ్వు ఒక ఆటలో రెండు వేలాలు పెట్టావు. మొదటిది పిట్టల వేలం, రెండోది పాట పాడించే పెద్దనే కొనుక్కునే వేలం. రెండోదాంట్లో ఓడినవాడి పిక్కలు కూడా తిరిగి రావు కదా? అలాంటి పాటలో అందరూ కడతారు, ఒక్కడికే దక్కుతుంది. దాంట్లో డబ్బు దాచుకున్నవాడిదే పైచేయి. మీ బావ తెలివైనవాడేం కాదు, నియమాలు సరిగ్గా చదివాడంతే.

లంచం ఎంతిస్తే ఏం దక్కుతుందో ముందే ఖాయమైతే దాన్ని లంచం అనరు, రేటు అంటారు. గుండెలో కాస్త గుబులు ఉండాలి. పుచ్చుకున్నవాడు చేస్తాడో లేదో అన్న టెన్షన్ లేకపోతే అది కిరాణా కొట్టే.

వేలం ఆటల్లో రైనర్ నిజియా 1992లో చేసిన 'మోడర్న్ ఆర్ట్' ఒకసారి చూడు. ఒక్క ఆటలో అయిదు రకాల వేలాలు ఉంటాయి. లంచానికైతే 1994లో వచ్చిన స్టెఫాన్ డోరా ఆట 'ఇంట్రీగ్'. అందులో లంచం పుచ్చుకుని కూడా పని చెయ్యకపోవచ్చు. స్నేహాలు చెడతాయి, ముందే చెబుతున్నాను.

మేడమీద_బడ్జీలు (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 6:50

లంచం సంగతి మీరు మీరు తేల్చుకోండి. నాకు పిట్టల దగ్గరే అభ్యంతరం. ముందుగా, మనవాళ్ళు లవ్ బర్డ్స్ అనేవి లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోక. మనం పంజరాల్లో చూసేవి ఆస్ట్రేలియా బడ్జీలు. జాన్ గూల్డ్ అనే ఆయన 1840లో వీటిని ప్రాణాలతో ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. అడవిలో ఉండేవి ఆకుపచ్చవే. మిగతా రంగులన్నీ పంజరాల్లో బయటపడినవి.

రెండోది, రెండు పచ్చవాటికి నీలం పిల్ల ఎలా పుడుతుందో మీ ఆటలో రాశారా? తల్లికీ తండ్రికీ ఇద్దరికీ నీలం లోగుట్టు ఉంటేనే పుడుతుంది. అప్పుడు కూడా నాలుగింట ఒక వంతు. మేం దాన్ని స్ప్లిట్ అంటాం, మీ చెల్లి మాట బాగుంది. ఇక పసుపుది, అదే ఎర్ర కళ్ళ లుటినో, దాని లెక్కే వేరు. పక్షుల్లో ఆడా మగా తేల్చే క్రోమోజోములు మగదానికి రెండూ ఒకే రకం, ఆడదానికి వేర్వేరు. మనుషులకి తిరగేసి అన్నమాట. లుటినో జన్యువు ఉండేది మగదానికి రెండు, ఆడదానికి ఒక్కటే ఉండే ఆ క్రోమోజోము మీదే. కాబట్టి మగ పిట్ట పచ్చగా ఉండి లోపల లుటినో దాచుకోగలదు. ఆడది దాచుకోలేదు. ఆడదానికి ఉంటే పైకి కనిపించి తీరాలి. మీ కార్డుల్లో 'ఆకుపచ్చ ఆడ, లోగుట్టు పసుపు' అని ఉంటే చింపెయ్యండి.

మా మేడ మీద ఇప్పుడో పచ్చ జంట ఉంది. సంతలో ఒకాయన దగ్గర 'మామూలు పచ్చవే' అన్న ధరకి కొన్నాను. మొన్న శుక్రవారం మొదటి గుడ్డు పెట్టింది, ఇవాళ రెండోది. రోజు విడిచి రోజు పెడతాయి.

గంటస్తంభం_కుర్రోడు, ఆదివారం ఉదయం 9:05

అక్కా, అలాంటి కార్డులు మూడు ఉన్నాయి. చింపేశాను. చెల్లి కిందనుంచి పైకొచ్చింది, మీ పోస్టు తనే చదివి వినిపించింది.

ఉద్దానం_బుల్లోడు (పలాస), ఆదివారం మధ్యాహ్నం 1:30

రంగు పిట్టలంటే నా గోడు కూడా వినండి. చిన్నప్పుడు ఒక జాతరలో పసుపు, గులాబీ రంగుల చిన్న పిచ్చుకల్లాంటివి అమ్ముతున్నారు. మా నాన్న చేత ఏడ్చి కొనిపించుకున్నాను. మర్నాడు పొద్దున్న గిన్నెలో నీళ్ళు పెడితే పిట్ట స్నానం చేసింది. రెక్కలు టపటపలాడించి బయటికొచ్చేసరికి నీళ్ళు పసుపు కలిపిన గంధంలా అయ్యాయి, పిట్ట గోధుమ రంగులో ఉంది. మా అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం అది నా పిట్ట కాదు, రాత్రి ఎవడో మార్చేశాడు అని రెండు రోజులు అన్నం తినలేదు.

మీ ఆటలో ఈ కార్డు ఉండాల్సిందే. 'దొంగరంగు'. పాటలో ఎత్తుకు ఎత్తు పెంచి కొన్నాక నీళ్ళ కార్డు పడితే రంగు పోవాలి.

పిట్టల_మాస్టారు (బొబ్బిలి), ఆదివారం రాత్రి 8:15

పిల్లలూ, ఇరవయ్యేళ్ళు జంతుశాస్త్రం చెప్పాను, ఆగలేకపోతున్నాను.

బడ్జీ ఈకలో నీలం రంగు పదార్థం అసలు ఉండదు. ఈక లోపలి అల్లిక మీద వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది, వెనక నల్లటి మెలనిన్ ఉండటంతో ఆ నీలం తేటపడుతుంది. దాని మీద పసుపు వర్ణకం పూత. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. ఇప్పుడు పసుపు తయారయ్యే దారి మూసుకుపోయిందనుకోండి, నీలం పిట్ట. మెలనిన్ పోయిందనుకోండి, పసుపు మిగిలి లుటినో. రెండూ పోతే తెల్లటి అల్బినో. రెండే రెండు జన్యువులతో నాలుగు రంగులు వచ్చాయి, చూశారా? మీ ఆటకి ఇంతకంటే ఏం కావాలి? ఆ పసుపు తయారుచేసే జన్యువు ఏదో 2017లో కనిపెట్టారు. దాంట్లో ఒక్క అక్షరం మారినందుకే పిట్ట నీలమైపోతుంది.

ఇంకొక మాట. గవ్వలతో పిల్లల రంగు తేల్చొద్దు. గవ్వకి ఒకవైపు వీపు ఉబ్బు, ఒకవైపు చదును. వెల్లకిలా, బోర్లా సమానంగా పడవు. మెండెల్ లెక్క సగానికి సగం అడుగుతుంది. రూపాయి బిళ్ళ వాడండి.

గవ్వల_రాణి (విజయనగరం), ఆదివారం రాత్రి 9:30

నేను ఆ అలిగిన చెల్లిని. మాస్టారూ, మీ మాట నమ్మక మా ఇంట్లో ఉన్న గవ్వనే వంద సార్లు వేశాను. ఒకవైపే బాగా ఎక్కువ పడింది. అంటే ఇన్నాళ్ళూ అన్నయ్యకి నీలం పిల్లలు ఎక్కువ పుట్టడం అదృష్టం కాదన్నమాట. బొమ్మా బొరుసుకి మారుతున్నాం.

నాగావళి_గట్టు, సోమవారం రాత్రి 10:10

పిట్టలు సర్దుకున్నాయి కాబట్టి లంచానికి వస్తాను. మాస్టారు, అక్క చెప్పినవి చదివాక ఒకటి తట్టింది. లంచంతో బహుమతి కొనకూడదు. లంచంతో కబురు కొనాలి. పాటకి వచ్చిన పచ్చ మగ పిట్ట లోపల ఏముందో పెద్దకి మాత్రమే తెలుసు. అది చెప్పమని లంచం ఇవ్వాలి. పెద్ద నిజం చెప్పొచ్చు, అబద్ధం చెప్పొచ్చు. బయట జరిగేది కూడా ఇదే కదా. మా ఊరి చెరువు పాటలో ముందే కుమ్మక్కై, గెలిచినవాడు మిగతావాళ్ళకి 'గుడ్‌విల్' పంచేవాడు. చెరువులో చేప ఎంతుందో తెలిసిన కాపలావాడు మాత్రం పాట ముందురోజు ఏ అరుగు మీద కూర్చున్నా టీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

పోటీలో బహుమతి రంగు చీటీ తీసి తేల్చండి, పెద్దకి సంబంధం లేకుండా.

పాటని మాత్రం మూసిన చీటీల పద్ధతికి మార్చండి. ఎక్కువ రాసినవాడికే పిట్ట, కానీ కట్టేది రెండోవాడు రాసినంత. విలియం వికరీ అనే ఆర్థికవేత్త 1961లో దీని గుణం చూపించాడు: ఎవరికి ఎంత విలువ అనిపిస్తే అంతే రాయడం వాళ్ళకే మేలు. 1996లో నోబెల్ ఇచ్చారు, ప్రకటించిన మూడు రోజులకే పాపం పోయాడు.

గవ్వల_రాణి, సోమవారం రాత్రి 10:40

చీటీలు విప్పేది పెద్దే కదా? నేను పన్నెండు రాశాను, రెండోవాళ్ళు అయిదు రాశారు అనుకోండి. పెద్ద జేబులోంచి పదకొండు అని ఒక దొంగ చీటీ తీసి కలిపేస్తే?

నాగావళి_గట్టు, సోమవారం రాత్రి 10:52

అమ్మా తల్లీ, నువ్వు ఏ క్లాసు?

ఓడిపోయాను. నోరారా పాట పాడుకోండి, ఒకటోసారి రెండోసారి మూడోసారి. అందరి ఎదుట అయితే దొంగ చీటీకి చోటు ఉండదు.

ఉద్దానం_బుల్లోడు, మంగళవారం ఉదయం 7:20

కబురు కొనాలి అంటున్నారు, అదెలాగ? అందరి ఎదుట చెవిలో చెబితే మిగతావాళ్ళు మొహం చూసే పట్టేస్తారు గదా.

మా తాత నారాయణవలస పశువుల సంతకి నన్ను తీసుకెళ్ళేవాడు. దళారీ వచ్చి భుజం మీద తువ్వాలు తీసి తాత చేతి మీద కప్పేవాడు. తువ్వాలు కింద ఇద్దరి వేళ్ళూ మాట్లాడుకునేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. పైకి మాత్రం తాత ఎద్దు కొమ్ముల వైపు చూసేవాడు, దళారీ ఆకాశం వైపు చూసేవాడు. చుట్టూ పదిమంది నిలబడినా ధర ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి బేరం మధ్యలో తాత ముక్కు ఎగబీల్చాడు. అది ఒప్పుకోవడమా, జలుబా అని ఇంటికొచ్చే దాకా అడుగుతూనే ఉన్నాను. చెప్పలేదు.

మీ ఆటలో తువ్వాలు పెట్టండి.

గంటస్తంభం_కుర్రోడు, మంగళవారం ఉదయం 8:00

అన్నా, మీకో దండం. మా దగ్గర అలమండ సంతలో కూడా ఇంతే అని నాన్న అంటున్నారు. ఇవాళ సాయంత్రమే ఆడతాం.

మేడమీద_బడ్జీలు, మంగళవారం ఉదయం 11:15

మూడో గుడ్డు. ఇక ఆడది బయటికి రావడం మానేసింది, మగదే తినిపిస్తోంది. ఒక్కో గుడ్డుకి పద్దెనిమిది రోజులు.

మోడరేటర్, మంగళవారం సాయంత్రం 5:30

ఈ చర్చలో 'రామచిలుక పిల్లలు అమ్మబడును' అని వచ్చిన పోస్టు తొలగించాను. మన చిలుకల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బడ్జీ సంగతి వేరు, అది ఈ దేశపు పక్షి కాదు, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో కూడా లేదు. ఆట గురించి మాట్లాడుకోండి, అమ్మకాలు వద్దు.

గంటస్తంభం_కుర్రోడు, బుధవారం రాత్రి 9:00

నివేదిక. తువ్వాలు అద్భుతం. పద్ధతి ఇలా పెట్టాం: పాట మొదలవక ముందు ఎవరైనా పెద్ద చేతి మీద తువ్వాలు కప్పి వేళ్ళు చూపించొచ్చు. ఎన్ని వేళ్ళో అన్ని పిక్కలు. పెద్ద ఒప్పుకుంటే తిరిగి నొక్కుతాడు: ఒక నొక్కు నీలం ఉంది, రెండు నొక్కులు పసుపు ఉంది, చెయ్యి వెనక్కి లాక్కుంటే ఏమీ లేదు. లంచం ఇవ్వకపోయినా ఊరికే తువ్వాలు కప్పొచ్చు. ఇదే అసలు మజా. చెల్లి ఒక్క పిక్క ఖర్చు పెట్టకుండా అయిదు నిమిషాలు తువ్వాలు కింద చెయ్యి పెట్టి కళ్ళు పెద్దవి చేసింది. మేమందరం ఆ పిట్ట మీద ఎగబడ్డాం. నేను పద్నాలుగు పిక్కలకి కొన్నాను. లోపల ఏమీ లేదు.

ఆడ పిట్టల దగ్గర మాత్రం గొడవ. అక్క చెప్పిన లెక్కన పచ్చ ఆడదానిలో పసుపు దాగదు కాబట్టి నీలం ఉందా లేదా అన్నదే ప్రశ్న. దానికి ఎవరూ పెద్దగా లంచం ఇవ్వడం లేదు. మగ పచ్చ పిట్ట వచ్చిందంటే మాత్రం తువ్వాలు దగ్గర వరస కడుతున్నారు.

పెద్ద అబద్ధమాడితే శిక్ష ఏమిటి అన్నది తేలలేదు.

నాగావళి_గట్టు, బుధవారం రాత్రి 9:45

శిక్ష సంగతి మన దేశంలో నిజంగానే చర్చ అయింది. 2011లో కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారుగా ఉన్న కౌశిక్ బసు ఒక మాట అన్నారు. మనకి హక్కుగా రావాల్సిన పనికి వేధించి లంచం తీసుకుంటే, ఇచ్చినవాడికి శిక్ష వెయ్యొద్దు, ఇచ్చింది తిరిగి ఇప్పించండి, అప్పుడు వాడే వచ్చి చెబుతాడు, ఆ భయంతో పుచ్చుకునేవాడు పుచ్చుకోడు అని. చాలామంది విరుచుకుపడ్డారు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు దారి వేరేగా పోయింది: ఇచ్చినవాడూ నేరస్థుడే, బలవంతం మీద ఇచ్చుంటే మాత్రం ఏడు రోజుల్లో వెళ్ళి చెప్పుకోవాలి.

మీ చేతిలో మేడ ఉంది, తువ్వాలు ఉంది. రెండూ ఆడి చూడండి.

గవ్వల_రాణి, ఆదివారం సాయంత్రం 6:10

రెండూ ఆడాం. అన్నయ్య ట్యూషన్‌కి వెళ్ళాడు, నేను రాస్తున్నాను.

మొదటిది, ఇచ్చినవాళ్ళు 'గోల' అని అరిస్తే పిక్కలు వెనక్కి, పెద్దకి రెట్టింపు జరిమానా. ఏమైందంటే అందరం లంచం ఇచ్చి, లోగుట్టు తెలుసుకుని, వెంటనే గోల అన్నాం. రెండో రౌండుకి పెద్దలెవ్వరూ చెయ్యి చాపలేదు. తువ్వాలు అలా గోడ మీద ఆరేసిన బట్టలా వేలాడింది. లంచం పోయింది, నిజమే, ఆట కూడా పోయింది.

రెండోది, ఇద్దరికీ జరిమానా, తన వంతు మళ్ళీ వచ్చేలోపు చెప్పేస్తే ఇచ్చినవాళ్ళకి మాఫీ. ఎవరూ చెప్పలేదు. ఒక్కరు కూడా! తువ్వాలు ఒక్క క్షణం కూడా ఖాళీగా లేదు. బావని 'నువ్వు నాకు అబద్ధం చెప్పావు' అని నేను తిట్టలేకపోయాను, తిడితే నాకూ పడుతుంది కదా. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో.

నాగావళి_గట్టు, ఆదివారం రాత్రి 8:30

బసు గారు చెప్పింది హక్కుగా రావాల్సిన పనికి అడిగే లంచం గురించేనమ్మా. మీ లోగుట్టు మీద ఎవరికీ హక్కు లేదు, కాబట్టి మీ మొదటి ఆటతో ఆయన్ని తూచలేం. కానీ గోడ మీద వేలాడిన తువ్వాలు మాట నాకు చాలా నచ్చింది.

పిట్టల_మాస్టారు, సోమవారం ఉదయం 6:00

చట్టాలు అక్కర్లేదు నాయనా. అబద్ధం గూట్లో బయటపడుతుంది. పెద్ద 'ఏమీ లేదు' అన్నాడు, ఆ పచ్చ మగదాన్ని నీలం ఆడదానితో జత కట్టారు. ఒక్క నీలం పిల్ల పుడితే పెద్ద అబద్ధాలకోరు, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

'నీలం ఉంది' అని అబద్ధమాడితే పట్టుకోవడం కష్టం. పచ్చ పిల్లలే పుడుతుంటాయి, పెద్ద 'నీ ఖర్మ, నేనేం చెయ్యను' అంటాడు. దానికీ లెక్క ఉంది. నిజంగా లోగుట్టు ఉంటే నీలం జతతో ఒక్కో పిల్ల పచ్చగా పుట్టే అవకాశం సగం. వరసగా అయిదూ పచ్చవే పుట్టే అవకాశం ముప్పై రెండింట ఒకటి. పెంపకందారులు పిట్ట గుట్టు తేల్చుకోవడానికి చేసే పని ఇదే, నీలం జత కట్టి చూస్తారు. అయిదు పచ్చవి వరసగా పుడితే పెద్ద రెట్టింపు తిరిగివ్వాలని పెట్టుకోండి.

ఉద్దానం_బుల్లోడు, సోమవారం ఉదయం 7:45

మాస్టారూ, ముప్పై రెండింట ఒకడు నిజం చెప్పి కూడా దొరికిపోతాడు గదా. అదేటి న్యాయం?

పిట్టల_మాస్టారు, సోమవారం ఉదయం 8:10

పోతాడు. పది పిల్లల దాకా ఆగితే వెయ్యిలో ఒకడు కూడా పోడు. కానీ పది పిల్లలు పుట్టే దాకా మీరు మేడ మీద ఉంటారా?

ఉద్దానం_బుల్లోడు, సోమవారం ఉదయం 8:25

ఉండం.

తుఫాను కార్డు కూడా ఒకటి పెట్టండి మరి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా కొబ్బరి, జీడిచెట్లు వరసకి వరస పడుకున్నాయి. మా పక్కింటాయన పావురాల గూడు రేకుతో సహా లేచిపోయింది. మూడో రోజు రెండు పావురాలు తిరిగొచ్చి గూడు ఉన్న చోట ఉత్త గోడ మీద కూర్చున్నాయి. కార్డు పడితే పిట్టలన్నీ పోవాలి, ఏవైనా రెండు వెనక్కి రావాలి.

గంటస్తంభం_కుర్రోడు, శుక్రవారం రాత్రి 10:30

తుఫాను కార్డు పెట్టాం. అయిదు పిల్లల నియమం పెట్టాం. ఇవాళ ఏం జరిగిందో చెప్పకపోతే నిద్ర పట్టదు.

బావ పెద్ద. ఒక పచ్చ మగ పిట్ట పాటకొచ్చింది. తువ్వాలు కప్పి నాలుగు వేళ్ళు చూపించాను. ఒక్క నొక్కు. నీలం ఉందట. మూడు ఆటలుగా బావ ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు, అందుకని నమ్మలేదు. కానీ నా దగ్గర నీలం ఆడది ఉంది. తొమ్మిది పిక్కలకి పాడాను. బిళ్ళ వేశాను: పచ్చ. మళ్ళీ పచ్చ. మూడోది పచ్చ. చెల్లి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగోది పచ్చ. బావ చెమట తుడుచుకుంటూ 'ఒరేయ్ నిజంగా ఉందిరా, మీ అక్క మీద ఒట్టు' అన్నాడు. అయిదోది బిళ్ళ తిరిగి తిరిగి చాప అంచున ఆగింది. పచ్చ.

నియమం ప్రకారం ఎనిమిది పిక్కలు తిరిగిచ్చాడు. ఆట అయ్యాక కార్డు తిప్పి చూస్తే నీలం ఉంది. నిజం చెప్పింది ఈ ఒక్కసారే, జరిమానా కట్టింది కూడా ఈ ఒక్కసారే. ఇకమీదట జన్మలో నిజం చెప్పను అంటున్నాడు.

గవ్వల_రాణి, శుక్రవారం రాత్రి 10:41

ఆ ఆట గెలిచింది నేను. అన్నయ్య అది రాయడు.

మేడమీద_బడ్జీలు, మంగళవారం ఉదయం 7:00

మొదటి పిల్ల వచ్చింది. వేలి గోరంత, ఒంటి మీద ఈక లేదు, తల ఎత్తలేక ఊగుతోంది. మూసుకున్న రెప్పల కింద కళ్ళు రెండు నల్ల చుక్కల్లా ఉన్నాయి. మామూలు పచ్చదే అయి ఉంటుంది.

మేడమీద_బడ్జీలు, గురువారం ఉదయం 8:20

రెండోది. ఇదీ నల్ల చుక్కలే.

మేడమీద_బడ్జీలు, శనివారం ఉదయం 6:35

మూడో గుడ్డు రాత్రి పగిలింది. పొద్దున్న గూడు మూత తీసి చూశాను. రెప్పల కింద నలుపు లేదు. పక్కన ఉన్న రెండింటితో పోల్చి మళ్ళీ చూశాను, మా ఆయన్ని లేపి చూపించాను. ఎర్రగా ఉంది, దానిమ్మ గింజ లోపలిలా.

పిట్టల_మాస్టారు, శనివారం ఉదయం 6:50

తొందరపడకమ్మా. సినమన్ రకం పిల్లలకి కూడా మొదటి రోజుల్లో కళ్ళు ముదురు ఎరుపుగానే కనిపిస్తాయి. ఫాలో అని ఇంకో రకం ఉంది, దానికీ ఎర్ర కళ్ళే. ఈక మొలిచేదాకా ఆగు. లుటినో అయినా, సినమన్ అయినా ఒకటి మాత్రం చెప్పగలను, పచ్చ తల్లికి పుట్టింది కాబట్టి అది ఆడదే. గుట్టంతా నీ మగదానిది.

గవ్వల_రాణి, శనివారం ఉదయం 7:15

అక్కా! అంటే 'మామూలు పచ్చదే' అని అమ్మినాయన అబద్ధం చెప్పాడా?

మేడమీద_బడ్జీలు, శనివారం ఉదయం 7:30

లేదమ్మా. ఆయనకి తెలిసుంటే ఆ ధరకి ఇచ్చేవాడే కాదు.

నాగావళి_గట్టు, శనివారం ఉదయం 7:42

అక్కా, మాది కూడా శ్రీకాకుళమే, ఏడు రోడ్ల జంక్షన్ నుంచి పది నిమిషాలు. ఆ మగదాన్ని ఎంతకిస్తారు?

మోడరేటర్, శనివారం ఉదయం 7:44

అమ్మకాలు వద్దన్నాను.

మేడమీద_బడ్జీలు, శనివారం ఉదయం 7:50

ఇక్కడ చెప్పను తమ్ముడూ. వచ్చేటప్పుడు తువ్వాలు తెచ్చుకో.